వాయుదేవుడు అలిగిన రోజు

ఉత్తరకాండలో ఒక ముచ్చట ఉంది. హరికథలు చెప్పేవాళ్లు దాన్ని సగమే చెప్తారు. పసి హనుమంతుడు పొద్దుగాల సూర్యుణ్ని చూసి పండనుకొని ఎగరడం, ఇంద్రుడు వజ్రాయుధంతో కొట్టడం, దవడ పగిలి పిల్లవాడు కొండ మీద పడడం, తండ్రి వాయుదేవుడు అలిగి కొడుకును ఎత్తుకొని గుహలోకి పోవడం, లోకమంతా ఊపిరాడక గిలగిలలాడడం. ఇంతవరకు మీకూ తెలుసు. దాటేసే సగం ఏమిటంటే, వాల్మీకి లెక్క ప్రకారం వాయువు ఆపింది ఊపిరి ఒక్కటే కాదు, మలమూత్రాలను కూడా బిగబట్టాడు. దేవతలంతటివాళ్లు పొట్టలు ఉబ్బిపోయి బ్రహ్మ దగ్గరికి పరుగెత్తారు. నలుగురిలో మూత్రం మాటెందుకని కథకులు తప్పించుకుంటారు కాబోలు. నాకు మాత్రం కథలో అసలు రుచి అక్కడే కనిపిస్తుంది. ఊపిరి, మూత్రం: ఈ రెండూ ఆగితే చెడేది ఒకటే, నెత్తురు.

కొండగట్టు పక్కన ఉండి చెప్తున్నాను కాబట్టి హనుమంతుడి ఇంటి సంగతులు మాట్లాడే చనువు కాస్త ఉంది నాకు. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రోడ్డు మీద, మల్యాల మండలం ముత్యంపేట దగ్గరి గుట్ట ఇది. లక్ష్మణుడి కోసం సంజీవని కొండను మోసుకుపోతుంటే ఒక ముక్క జారి ఇక్కడ పడిందని మా పెద్దల మాట. గుళ్లో స్వామికి ఆంజనేయుడి ముఖంతో పాటు నరసింహుడి ముఖమూ ఉంటుంది. గాలి కొడుకు గుడి, పైగా మందుల కొండ ముక్క. ఒంటి సంగతులు మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి జాగ ఏముంది? కూర్చోండి, చాయ్ చెప్తాను.

ముందు దమ్ము సంగతి. ఘాట్ రోడ్డు మీద బండెక్కి వచ్చినవాళ్లకు ఇది పట్టదు, మెట్ల దారిన ఎక్కినవాళ్లకే తెలుస్తుంది. సగం దూరం వచ్చేసరికి గుండె దడదడలాడుతుంది, నోరు తెరిచి గాలి మింగాల్సి వస్తుంది. పక్కన ఏ పిలగాడో "నెత్తుట్ల ఆక్సిజన్ పడిపోయిందే" అంటాడు. కరోనా కాలం మనందరికీ ఆ భాష నేర్పి పోయింది. వేలికి క్లిప్పు పెట్టుకోవడం, అంకె 94 కంటే దిగితే దవాఖానకు ఫోన్ కొట్టడం ఊరూరా తెలిసిన విద్య. ఎర్ర వెలుతురు, కంటికి కనపడని మరో వెలుతురు వేలిలోంచి పంపి, నెత్తురు రంగును బట్టి ఆక్సిజన్ లెక్కగట్టే ఆ పద్ధతిని 1970లలో తేల్చింది తకువో అవోయాగి అనే జపాన్ ఇంజనీరు. లోకమంతా ఆ క్లిప్పుల కోసం ఎగబడుతున్న 2020 ఏప్రిల్‌లోనే ఆయన పోయాడు.

సరే, మెట్ల మీద రొప్పుతున్న ఆరోగ్యవంతుడి వేలికి ఆ క్లిప్పు పెట్టి చూడండి. 97 చూపిస్తుంది, 98 చూపిస్తుంది. కింద రోడ్డు మీద ఎంతో ఇక్కడా అంతే. మన గుట్ట ఎత్తు ఎంతని, గాలిలో ఆక్సిజన్ తగ్గడానికి! నెత్తుటిలో ఆక్సిజన్ తగ్గినందుకు రొప్పడం లేదు మనం. తగ్గకుండా ఉండాలని రొప్పుతున్నాం. కాలి కండలు ఆక్సిజన్‌ను గుంజుకొని కార్బన్ డయాక్సైడ్‌ను గుమ్మరిస్తుంటే, గుండె కుడి పక్కకు తిరిగొచ్చే నెత్తురు మామూలుకంటే నల్లగా, పులుపెక్కి వస్తుంది. ఎంత చెడి వచ్చినా దాన్ని ఊపిరితిత్తులు సరిచేసి ఎడమ పక్కకు పంపాలి. తీరిగ్గా కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి 5 లీటర్ల నెత్తురు తోస్తుంది, ఒంట్లో ఉన్న మొత్తం కూడా దగ్గర దగ్గర అంతే. ఎక్కేటప్పుడు అది రెండింతలు, మూడింతలు అవుతుంది. ఒక ఎర్రకణం ఊపిరితిత్తి సన్న నాళంలో గడిపేది ముప్పావు సెకను. ఆక్సిజన్ నింపుకోవడానికి అందులో మూడో వంతు చాలు. మిగిలిన రెండు వంతులు ఇటువంటి మెట్ల కోసమే చేతిలో ఉన్నాయి.

బడిలో మనకు "మంచి రక్తం, చెడు రక్తం" అని చెప్పారు గుర్తుందా? ఒకటి ఎర్ర రంగు, ఒకటి నీలం రంగు పూసిన బొమ్మ. ఆ బొమ్మ మీద నాకు ఎప్పటినుంచో కోపం. నీలం నెత్తురు ఏ మనిషిలోనూ లేదు, ముదురు ఎరుపే. ఇక లెక్క చూడండి. ఒళ్లంతా తిరిగి అలసి వచ్చిన "చెడు" నెత్తురు 100 మిల్లీలీటర్లలో 15 మిల్లీలీటర్ల ఆక్సిజన్ ఇంకా ఉంటుంది. ఊపిరితిత్తులు దాన్ని 20 చేస్తాయి, అంతే. కార్బన్ డయాక్సైడ్ 52 ఉన్నది 48 అవుతుంది. మళ్లీ చదవండి: "మంచి" నెత్తురులో ఆక్సిజన్ 20, కార్బన్ డయాక్సైడ్ 48. విషమని మనం తిట్టుకునేదే రెండింతల పైన ఉంది. అదంతా తీసేస్తే మనిషి బతకడు. అందులో ఎక్కువ భాగం బైకార్బనేటు రూపంలో కరిగి ఉండి, నెత్తురు పులియకుండా కాపాడుతుంది. ఊపిరితిత్తులు నెత్తురును కడిగేస్తాయనడం పెద్ద మాట. అవి దాన్ని ఒక చిన్న గీత అటు, ఒక చిన్న గీత ఇటు జరుపుతాయి. ఆ చిన్న గీత మీదే ప్రాణం నిలబడి ఉంది.

ఆ చిన్న గీతను మనకంటే బాగా కనిపెట్టిన జీవి ఒకటి మా పాత కరీంనగర్ జిల్లాలో తరతరాలుగా కాపురం ఉంది. బోదకాలు పురుగు. పాత కరీంనగర్ ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు: రాత్రిపూట ఆరోగ్య సిబ్బంది టార్చిలైట్లు పట్టుకొని వచ్చి, నిద్రలేపి మరీ వేలి నుంచి నెత్తురు బొట్టు తీసుకుపోవడం. పగలు రావచ్చు కదా అని విసుక్కోని ఇల్లు లేదు. పగలు వస్తే దొరకవు! తల్లి పురుగు కనే సన్న పిల్లపురుగులు రాత్రిళ్లు మాత్రమే చర్మం దగ్గరి నెత్తురులోకి వస్తాయి, కుట్టే దోమకు అందడానికి. మరి పగలంతా ఎక్కడుంటాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు, 19వ శతాబ్దం చివర్లో. పొద్దున పూట ప్రాణం పోయిన ఒక బోదకాలు రోగి దేహాన్ని పరీక్షిస్తే, పిల్లపురుగులు గుంపులుగా ఊపిరితిత్తుల నాళాల్లో కనిపించాయి.

అక్కడే ఎందుకు? దీని మీద ఏళ్ల తరబడి కూర్చున్నవాడు ఫ్రాంక్ హాకింగ్, లండన్ పరిశోధకుడు. చక్రాల కుర్చీలో కూర్చొని కృష్ణబిలాల గురించి చెప్పిన స్టీఫెన్ హాకింగ్ తండ్రి ఈయనే. కొడుకు ఆకాశం వైపు చూశాడు, తండ్రి పురుగుల వైపు. ఊపిరితిత్తికి వచ్చే నెత్తురుకూ, అక్కడినుంచి పోయే నెత్తురుకూ ఆక్సిజన్ ఒత్తిడిలో పెద్ద తేడా ఉంటుంది. వచ్చేటప్పుడు 40, పోయేటప్పుడు 95 చిల్లర. పగలు మనం పనిలో ఉన్నప్పుడు ఆ తేడా గట్టిగా ఉంటుంది, పిల్లపురుగులు ఆ గడప దగ్గరే ఆగిపోతాయి. రాత్రి నిద్రలో తేడా తగ్గుతుంది, దాటి ఒళ్లంతా తిరుగుతాయి. హాకింగ్ చెప్పిన వివరణ ఇది. అంటే నెత్తురు ఎక్కడ మారుతుందో సరిగ్గా ఆ గీత దగ్గర ఆ పురుగు తన ఇల్లు కట్టుకుంది. నాకు ఇది చదివినప్పటినుంచి రాత్రి వచ్చే ఆరోగ్య కార్యకర్త మీద గౌరవం పెరిగింది.

ఆ పురుగు మూత్రపిండాల వైపూ చెయ్యి చాపుతుంది. అది లింఫు నాళాలను పాడుచేస్తే, పేగుల నుంచి కొవ్వు మోసే పాలలాంటి ద్రవం దారి తప్పి మూత్రంలోకి కారుతుంది. మూత్రం తెల్లగా వస్తుంది. భయపడి ఇంట్లో దాచుకునే జబ్బు అది. ఇంటింటికీ పంచే డీఈసీ గోలీ ఆ పురుగుకు మందే. ఆ మందు బయటికి వచ్చింది 1947లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన లెడర్లీ ప్రయోగశాల నుంచి. హెట్రాజాన్ అని దాని మొదటి పేరు. గోలీ ఇచ్చిపోయినాక గూట్లో పెట్టి మరిచిపోతారు చాలామంది. తెలుగువాడి మందు, తెలుగు ఊళ్ల జబ్బుకు. మింగితే పోయేదేముంది?

సుబ్బారావు పేరు వచ్చింది కాబట్టి చెప్తాను, మన కబుర్లకు ఆయన ఇంకో దారిలో కూడా చుట్టమే. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అని పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. కిడ్నీలు చెడిన మనిషి నెత్తురులో భాస్వరం పేరుకుంటుంది, ఎముకలు తినేస్తుంది. ఒక బొట్టు నెత్తురు కిడ్నీలోకి పోయేముందు ఏముంది, వచ్చాక ఏముంది అని అంకెల్లో అడగడం నేర్పినవాళ్లలో మన భీమవరం మనిషి ఒకడు.

సరే, కిడ్నీల దగ్గరికే వచ్చాం. మటన్ కొట్లో గుర్దాలు చూశారు కదా, గింజ ఆకారం, ముదురు రంగు. మనిషివి రెండూ కలిపి 300 గ్రాములు ఉంటాయి. ఒంటి బరువులో అర శాతం కూడా లేదు. కానీ గుండె తోసే నెత్తురులో అయిదో వంతు పైన వీటికే పోవాలి, నిమిషానికి లీటరు చిల్లర. అంత నెత్తురు ఆకలికి కాదు. తమ బతుక్కు కావలసిన ఆక్సిజన్ తీసుకొని మిగతాది మిగిల్చే పంపుతాయి, అందుకే కిడ్నీ నుంచి వచ్చే సిర నెత్తురు మిగతా సిరల నెత్తురుకంటే ఎర్రగా ఉంటుంది. అంత నెత్తురు కావలసింది పని కోసం.

ఆ పని చేసే తీరు విచిత్రం. దసరాకు ముందు మన ఇళ్లల్లో ఆడవాళ్లు ఏం చేస్తారు? పనికిరానిది ఏదని ఇల్లంతా వెతకరు. మంచం, పెట్టె, గిన్నె, గంప, మొత్తం వాకిట్లోకి చేరుస్తారు. గోడలు కడిగి, కావలసినవి ఒక్కొక్కటే లోపలికి తెచ్చుకుంటారు. తేనిది ఏదో అదే చెత్త. కిడ్నీ రోజంతా చేసే పని ఇదే. ఒక్కో కిడ్నీలో 10 లక్షల దాకా ఉండే చిన్న చిన్న జల్లెడల నుంచి రోజుకు 180 లీటర్ల ద్రవాన్ని నెత్తురులోంచి బయటికి వంపేస్తుంది. ఒంట్లో ప్లాస్మా ఉన్నదే 3 లీటర్లు. అంటే ఉన్నదాన్నే 60 సార్లు. ఆ 180 లీటర్లలో కిలోన్నర ఉప్పు ఉంటుంది, 180 గ్రాముల చక్కెర ఉంటుంది. అన్నీ వాకిట్లో పెట్టేసి, చక్కెరను ఒక్క గ్రాము వదలకుండా లోపలికి తెచ్చుకుంటుంది. ఉప్పులో పది గ్రాములో ఎంతో తప్ప తెచ్చుకుంటుంది. నీళ్లలో లీటరు, లీటరున్నర తప్ప తెచ్చుకుంటుంది. యూరియాలో సగం దాకా తెచ్చుకుంటుంది, అదీ కిడ్నీ లోతుల్లో నీళ్లు గుంజడానికి పనికొస్తుందని. క్రియాటినిన్‌ను మాత్రం తేదు. నెత్తురు ఒకసారి కిడ్నీలోంచి పోయి వస్తే క్రియాటినిన్ అయిదో వంతు తగ్గుతుంది, అంతే. మిగిలింది మళ్లీ చుట్టు తిరిగి వచ్చినప్పుడు చూసుకుంటుంది. నెత్తురులో షుగరు 180 దాటితే తెచ్చుకునే చేతులు చాలవు, కొంత వాకిట్లోనే మిగిలిపోతుంది. మూత్రంలో షుగరు కనిపించేది అప్పుడు.

ఊపిరితిత్తి గాలికి తలుపు తెరిచి ఊరుకుంటుంది. ఎక్కువ ఉన్నవైపు నుంచి తక్కువ ఉన్నవైపుకు పోయేది పోతుంది. కిడ్నీ అట్లా కాదు, ఎంచుతుంది. ఈ రెండు చోట్లనూ సూక్ష్మదర్శినిలో మొదట చూసినవాడు ఒకడే, ఇటలీ వైద్యుడు మార్సెల్లో మాల్పీగీ. 1661లో కప్ప ఊపిరితిత్తిలో సన్న నాళాలు చూశాడు, 1666లో కిడ్నీలో జల్లెడ ముద్దలు చూశాడు. రెండింటిలో మొదటిదాన్నే ఎక్కువగా చెప్పుకుంటారు. కిడ్నీకి ఎప్పుడూ అంతే. ప్రాణాయామం నేర్పేవాళ్లు వాడవాడకూ ఉన్నారు, కిడ్నీ గురించి ఎవరికి గుర్తొస్తుంది చెడేదాకా?

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఒంట్లో అన్నిటికంటే శుభ్రమైన నెత్తురు ఎక్కడుంది? ఊపిరితిత్తి నుంచి వచ్చేదంటారా? అందులో ఆక్సిజన్ నిండా ఉంది, కానీ యూరియా, క్రియాటినిన్ ఒళ్లంతా ఎంతో అంత ఉన్నాయి. కిడ్నీ నుంచి వచ్చేదంటారా? అందులో అవి తక్కువ, కానీ కార్బన్ డయాక్సైడ్ పెరిగి ఉంటుంది. అన్ని రకాలుగా శుద్ధమైన నెత్తురు ఏ నాళంలోనూ, ఏ క్షణంలోనూ లేదు. అంగట్లో రంగురంగుల సీసాల్లో "రక్తశుద్ధి" టానిక్కులు అమ్మేవాళ్లను నేను అడగాలనుకునేది ఇదే: ఏ నెత్తురును శుద్ధి చేస్తారు, ఎక్కడిదాన్ని? కొన్ని పొడుల్లో పాదరసం, సీసం లాంటివి ఉంటాయి. వాటిని బయటికి పంపే పని కూడా మళ్లీ ఆ కిడ్నీ నెత్తినే పడుతుంది.

ఈ ఇద్దరు పనివాళ్లకు మధ్య మాట నడుస్తూనే ఉంటుంది. నెత్తురు పులుపు సంగతే చూడండి. రోజుకు అర కిలో పైన, కష్టం చేసేవాళ్లకు కిలో దాకా, కార్బన్ డయాక్సైడ్ ఊపిరిలో పోతుంది. అది నిమిషాల మీద జరిగే సర్దుబాటు. తిండి నుంచి వచ్చే మిగతా ఆమ్లాలు ఆవిరి కావు, వాటిని కిడ్నీ నెమ్మదిగా, రోజుల మీద పంపుతుంది. కిడ్నీ చేతులెత్తేస్తే ఆ బరువు దమ్ము మీద పడుతుంది. మనిషి కూర్చున్న చోటే లోతుగా, వేగంగా ఊపిరి తీస్తుంటాడు. ఇంట్లోవాళ్లు ఉబ్బసమనుకొని ఛాతీకి మందు రాస్తుంటారు, చెడింది నడుము దగ్గర. అటు, నెత్తురులో ఆక్సిజన్ చాలడం లేదని కనిపెట్టేవాటిలో కిడ్నీ కూడా ఒకటి. అది ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్ పంపితే ఎముక మజ్జ ఎర్రకణాలు చేస్తుంది. డయాలసిస్ మీద ఉన్నవాళ్ల ముఖం పాలిపోయి ఉండడం, వాళ్లకు ఆ సూది వేయడం ఇందుకే.

ఆదిలాబాద్ వైపు పోతే ఈ మాటకు చేదు రుచి వస్తుంది. ఉట్నూరు చుట్టుపక్కల గోండు గూడేల్లో సికిల్ సెల్ జబ్బు ఉంది. హిమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారినందుకు, ఆక్సిజన్ వదిలిన తర్వాత ఆ అణువులు ఒకదానికొకటి అతుక్కొని కడ్డీలవుతాయి, గుండ్రటి కణం కొడవలిలా వంకర పోతుంది. ఊపిరితిత్తికి చేరి ఆక్సిజన్ అందితే చాలాసార్లు మళ్లీ గుండ్రమవుతుంది. మరి ఎక్కడ ఎక్కువగా వంకర పోతుంది? కిడ్నీ లోపలి పొరల్లో. ఒంట్లో ఆక్సిజన్ బాగా తక్కువగా ఉండే చోట్లలో అది ఒకటి. పైగా అక్కడ ఉప్పు, యూరియా కలిసిన చిక్కదనం మామూలు నెత్తురుకంటే నాలుగింతల దాకా ఉండి, కణంలోని నీళ్లను గుంజేస్తుంది. అందుకే ఈ జబ్బు ఉన్న పిల్లలు మూత్రాన్ని చిక్కబరచలేరు. దాహం ఎక్కువ, రాత్రి లేవడం ఎక్కువ, ఎండలో తొందరగా సోలిపోతారు. పిల్లవాడు పక్క తడుపుతున్నాడని కొట్టేముందు ఒక రక్తపరీక్ష చేయించాల్సిన ఊళ్లు అవి. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023 జులై 1న ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. గూడెం దాకా పరీక్ష కిట్టు చేరితేనే అది కార్యక్రమం.

అదే అడవుల్లో ఇంకో కథ ఉంది, ఇది మీరు ఊహించనిది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవిలో పాలరాపు గుట్ట అని ఉంది. తెలంగాణలో రాబందులు లేనే లేవనుకుంటున్న కాలంలో, 2013లో, ఆ రాతి అంచుల మీద పొడుగుముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. జటాయువు జాతి మిగిలి ఉందని అటవీశాఖవాళ్లు సంబరపడ్డారు. అంతకుముందు దేశమంతటా ఆ పక్షులు ఎట్లా పోయాయో తెలుసా? కిడ్నీలు చెడి. పశువుల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ సూది, చచ్చిన గొడ్డు మాంసంతో రాబందుల కడుపులోకి పోయింది. పక్షులు యూరియాగా కాక, ఎక్కువగా యూరిక్ ఆమ్లంగా బయటికి పంపుతాయి. కిడ్నీ ఆగితే అది సున్నంలా గుండె మీద, కార్జం మీద పేరుకుంటుంది. కొద్ది రోజుల్లోనే పక్షి మెడ వాల్చేస్తుంది. కారణం పాకిస్తాన్‌లో చేసిన పరిశోధనలో 2004లో బయటపడింది. 2006లో మన దేశం పశువులకు ఆ మందును నిషేధించింది. అప్పటికే తెల్లవీపు రాబందులు నూటికి 99 పైగా పోయాయి.

మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అదే డైక్లోఫెనాక్, దాని అన్నదమ్ములు ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ మన కిరాణా కొట్లలోనూ దొరుకుతాయి. వైశాఖంలో పెద్ద హనుమాన్ జయంతికి మా గుట్టకు వచ్చేవాళ్లను చూడండి. 41 రోజుల దీక్ష, కాషాయ బట్టలు, కాళ్లకు చెప్పులుండవు. కరీంనగర్ ఎండ 45 దాకా పోతుంది. రోడ్డు మీద నడుస్తుంటే చెమట లీటర్ల లెక్కన పోతుంది. నెత్తురు కాస్త చిక్కబడగానే మెదడు నుంచి కబురు అందుతుంది, కిడ్నీ మూత్రాన్ని బిగబట్టి రోజుకు అర లీటరుకు దించేస్తుంది. ఇట్లా నెత్తురు తగ్గిన వేళ కిడ్నీ తన నాళాలు మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలతో తెరిచి పట్టుకొని ఉంటుంది. సరిగ్గా అప్పుడే పిక్కలు లాగుతున్నాయని ఒక నొప్పి గోలీ వేసుకుంటాం. ఆ గోలీ నొప్పిని తగ్గించేది ఆ రసాయనాలనే ఆపి. పిక్క నొప్పి పోతుంది, కిడ్నీ తెరిచి పట్టుకున్న తలుపు మూసుకుంటుంది. అందరికీ జరగదు. షుగరు, బీపీ ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు జరుగుతుంది. బీపీ గోలీల్లో కొన్ని, ఒంట్లో నీరు తీసే గోలీ, ఈ నొప్పి గోలీ మూడూ కలిస్తే మరీ జరుగుతుంది. "సూదేస్తే తగ్గుతది" అని దారి పక్కన కూర్చున్న ప్రతివాడి మాట నమ్మి చెయ్యి చాపే అలవాటు మనకు పోవాలి. గల్ఫ్ ఎండల్లో పనిచేసే జగిత్యాల పిలగాళ్లకు కూడా ఈ మాటే. ఎండలో కష్టం, నీళ్ల తక్కువ, నొప్పి గోలీ: శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణాలు వెతికేవాళ్ల అనుమానాల జాబితాలో కూడా ఇవి ఉన్నాయి.

కిడ్నీ పూర్తిగా ఆగితే ఏమవుతుందో కరీంనగర్, జగిత్యాల సర్కారు దవాఖానల్లో డయాలసిస్ వార్డుకు పోతే తెలుస్తుంది. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. చేతికి ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా, దాని మీద వేలు పెడితే నెత్తురు జరజర పరుగెత్తడం తెలుస్తుంది. రోజంతా రాత్రంతా పనిచేసే 300 గ్రాముల మాంసం పనిని మనిషంత మిషను వారానికి 12 గంటలు చేసి, కొంతే చేస్తుంది. దాన్ని మొదట తయారుచేసిన విల్లెం కోల్ఫ్ అనే డచ్చి వైద్యుడు 1943లో, నాజీలు దేశాన్ని పట్టుకొని ఉన్నప్పుడు, సాసేజీలకు చుట్టే సెల్లోఫేన్ గొట్టంతో చేశాడు. మొదట వచ్చిన రోగులు ఎక్కువమంది బతకలేదు, 1945లో ఒకామె బతికింది. ఇప్పుడు మన దగ్గర ఆరోగ్యశ్రీలో ఇది ఉచితం, 2022లో ఆసరా పింఛనూ మొదలుపెట్టారు. ఇవ్వడం మంచిదే. ఊరి నుంచి బస్సెక్కి వారానికి మూడు రోజులు కూలి పోగొట్టుకునే మనిషికి ఆ పింఛను ఎంతకు వస్తుందో మీరే లెక్క వేసుకోండి.

ఒక మాట చెప్పి వదిలేస్తాను. క్రియాటినిన్ పరీక్ష మామూలుగా వచ్చిందని మురిసిపోకండి. కిడ్నీల పని సగం పోయేదాకా ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు. అంతకంటే ముందు చెప్పేది మూత్రంలో అల్బుమిన్ పరీక్ష. షుగరుగానీ బీపీగానీ ఉంటే ఏడాదికి ఒకసారి రెండూ చేయించుకోండి, సర్కారు దవాఖానలో అడిగితే చేస్తారు. జయంతికి నడిచి వచ్చేవాళ్లు సంచిలో నొప్పి గోలీల పట్టీ బదులు ఓఆర్ఎస్ పొట్లాలు పెట్టుకోండి. నొప్పి మరీ భరించలేకపోతే నీళ్లు తాగి, నీడన కూర్చొని, డాక్టరును అడిగి పారాసిటమాల్ వేసుకోండి.